మూసి రాసిన పొగ

అప్పలకొండ ముప్పై నాలుగేళ్ళు భిలాయి ఉక్కు ప్లాంటులో తలుపులు మూశాడు. ఇంటి తలుపులు కావు లెండి. కోక్ ఒవెన్ల వరసలో మనిషికి రెండింతల ఎత్తున నిలబడే ఇనప తలుపులు. లోపల బొగ్గు ఉడుకుతుంటే వాటి అంచుల్లోంచి పసుపుపచ్చ పొగ చిమ్ముతుంది. ఏ నంబరు తలుపు చిమ్ముతోందో చూడాలి, తడి బంకమట్టి పట్టుకెళ్ళి ఆ సందు పూడ్చాలి, వచ్చి గ్యాంగు పుస్తకంలో రాయాలి. అదీ ఆయన ఉద్యోగం. చెప్పడానికి మూడు ముక్కలే గాని, ఆ వేడి ఏమిటో చేసినవాడికే తెలుస్తుంది. రిటైరై ఎనిమిదేళ్ళయినా ఆయన కనుబొమలు ఇప్పటికీ సగం సగమే ఉన్నాయి.

శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వచ్చిన ఆయన్ని ఆ పనిలో పెట్టి నేర్పినవాడు భుజంగరావు అనే ఫోర్‌మన్. మహా కోపిష్టి, పోయి చాలాకాలమైంది. మొదటి రోజే అప్పలకొండ చేతిలో పెన్ను లాగేసుకుని, "ముందు మూసి రా. తర్వాత రాద్దువుగాని. పొగ చూసి కాయితం మీద రాసుకునేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నీ చెయ్యి మూసిందే నీ కలం రాయాలి" అని కసిరాడు. ఆ మాట అప్పలకొండకి వేదమైపోయింది. షిఫ్టు దిగే వేళకి ఆయన పేజీలో ప్రతి నంబరు పక్కనా 'మూసితిమి' అని ఒకే మాట, అదీ తెలుగులో. మిగతావాళ్ళు హిందీలో రాసుకుంటే రాసుకున్నారు, ఈయన మాత్రం తనకొచ్చిన అక్షరాల్లోనే రాశాడు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క కొట్టివేత లేదు. ఈ సంగతి వీధిలో ఒక వందసార్లు చెప్పి ఉంటాడు. వినేవాళ్ళు పాపం తలూపేవారు.

ఆ గొప్పే చివరికి కొంప ముంచింది. ఎలాగంటారా, చెప్తాను.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి భిలాయి-3లో, స్టేషనుకి నాలుగడుగుల దూరంలో రెండు గదుల ఇల్లు వేసుకున్నారు. భార్య కన్నమ్మ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇడ్లీలు వండి స్టేషన్ బయట అమ్ముతుంది. ఆ వీధి పొడుగునా ఇదే బతుకు. ఒకావిడ వడలు, ఒకావిడ పోహా, మూల మీద ఇంకొకావిడ జిలేబీ. అందరివీ బొగ్గు పొయ్యిలే. ఇటుకలూ మట్టీ పెట్టి కట్టిన పొయ్యి, దాని మీంచి కప్పు దాటి పైకి పోయే రేకు గొట్టం. గ్యాసు మీద రోజుకి నాలుగొందల ఇడ్లీలు ఉడికిస్తే చివరికి మిగిలేది గరిటే అని వాళ్ళ లెక్క.

కన్నమ్మకి రెండేళ్ళుగా దగ్గు. ఒక మాట మొదలుపెడితే అది ముగిసేలోగా మూడుసార్లు దగ్గుతుంది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి ఎత్తి చూసి, "సిగరెట్లు తాగుతారా?" అని హిందీలో అడిగాడు. ఆవిడకి నవ్వాగలేదు, ఆ నవ్వుకి మళ్ళీ దగ్గు. ఇంకో రెండేళ్ళు ఆ పొయ్యి ముందు కూచుంటే ఊపిరితిత్తుల మీద ఆశ వదులుకోవలసిందేనని ఆయన గట్టిగానే చెప్పాడు.

"మానీమంటాడు డాట్రు. మానీసి ఏటి సేత్తాను?" అంది కన్నమ్మ ఆటోలో. "ఇడ్డెన్లు నా నెత్తి మీద ఉడకెయ్యాలా?"

నిజం చెప్పాలంటే ఆ పొయ్యి మండుతుండగా అప్పలకొండ ఎన్నడూ చూడలేదు. ఆవిడ బొగ్గు రాజేసే వేళకి ఈయన నడక అని బయల్దేరిపోయేవాడు. టీ కొట్టు దగ్గర పాత షిఫ్టు కబుర్లు చెప్పుకుని ఎండెక్కాక తిరిగొచ్చేసరికి ఇడ్లీలు బుట్టకెక్కి ఉండేవి, పొయ్యి చల్లారి ఉండేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే ఇల్లు వదిలి పోవడం అలవాటు. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు.

పోయిన చలికాలంలో సెక్టర్ 4లో తెలుగువాళ్ళ సంఘం హాల్లో ఒక మీటింగు పెట్టారు. సంఘం కార్యదర్శి సత్యప్రసాద్, ఆఫీసు ఉద్యోగం చేసి దిగిన మనిషి, ఇంటింటికీ ఫోన్లు చేసి పిలిచాడు. "కొండన్నా, గవర్నమెంటు గ్రాంటు వచ్చింది. మన ఇలాకాలో పొగ తగ్గించడానికట. తప్పకుండా రా." గ్రాంటు అన్న మాట చెవినపడితే ఎవరాగుతారు? కుర్చీలు చాలక జనం గోడలకానుకుని నిలబడ్డారు.

ప్రణాళిక ఆఫీసు నుంచి ఛాయ అనే అమ్మాయి వచ్చింది. ప్లాంటు ఇంజనీరొకాయన కూతురు, ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగులో బయల్దేరి రెండడుగులు వేసేసరికి హిందీలోకి జారిపోతుంది. తెలుగు చదవడం, రాయడం అసలు రాదు.

"చూడండి అంకుల్, ఈ గ్రాంటు పొగ తగ్గించడానికి కాదు" అంది. "పొగ ఎలా తగ్గించాలో ప్లాన్ రాయడానికి. పూరా ఇలాకాకి ఒకటే ప్లాన్."

హాలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తగ్గించడానికి కాదేటి?" అన్నాడు అప్పలకొండ వెనకనించి.

"అది తర్వాత అంకుల్. పహలే ప్లాన్."

"రాయడానికే గవర్నమెంటు డబ్బులిచ్చీసిందా?"

"హాఁ అంకుల్."

"మరి పొగ?"

"పొగ ఎంత ఉందో రాస్తాం."

"రాసి?"

"ప్లాన్‌లో పెడతాం."

అప్పలకొండ కూచున్నాడు. మళ్ళీ లేచాడు. ఏమడగాలో తెలియక మళ్ళీ కూచున్నాడు. అప్పుడు సత్యప్రసాద్ మైకు అందుకుని, "ఏం లేదండీ, పెళ్ళికి ఇవ్వలేదు, ముహూర్తం పెట్టించుకోడానికి ఇచ్చారు. ముహూర్తం బాగా కుదిరితే పెళ్ళికి మళ్ళీ ఇస్తారు" అని వివరించాడు. అందరూ ఆహా అన్నారు. బోధపడ్డవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ గందరగోళంలో అప్పలకొండ చెవికి ఒక్కటి స్పష్టంగా ఎక్కింది. ఆ ప్లాన్‌లో మూడు చోట్ల పేర్లు రాస్తారట. ఆ మూడు చోట్లా టిఫిన్లు వండేవాళ్ళ కోసం కరెంటు మీద నడిచే ఉమ్మడి వంటశాలలు పెట్టమని అడుగుతారట. పెద్ద పెద్ద ఆవిరి పాత్రలు, మీట నొక్కితే చాలు, బొగ్గు లేదు, మసి లేదు. ఆయనకి ఆ వంటశాలలో దగ్గకుండా నిలబడ్డ కన్నమ్మ కళ్ళముందు కనిపించింది. వీధివీధికీ తిరిగి పొయ్యిల పొగ రాయడానికి మనుషులు కావాలి అనగానే మొదట లేచిన చెయ్యి ఆయనదే.

ఛాయ ఆయనకో ఫారాల కట్ట ఇచ్చింది. పొయ్యికొక ఫారం. మూడు గళ్ళు: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ. కింద రిమార్కులకి ఒక గీత.

"జో హై, వహీ లిఖ్నా అంకుల్. ఉన్నది ఉన్నట్టు" అంది.

"పొగ గురించి నాకు సెప్పాలేటమ్మా?" అని నవ్వాడు అప్పలకొండ.

సొంతింటితోనే మొదలుపెట్టాడు. మధ్యాహ్నం వేళ, చల్లారిన పొయ్యి దగ్గర కూచుని గొట్టం మొదలు పట్టి చూశాడు. గొట్టానికీ పొయ్యికీ మధ్య రెండు వేళ్ళు దూరేటంత సందు. ఇటుకల్లో చీలికలు. చూసి ఫారం తీశాడు, పెన్ను తీశాడు, రాయలేకపోయాడు. కారుతున్న తలుపుని చూసి ఊరికే రాసుకుని పోవడమా? పెన్ను జేబులో పెట్టి బకెట్టు వెతుక్కున్నాడు. బంకమట్టిలో ఊక కలిపి, పాదాలతో తొక్కి, చీలికచీలికకీ మెత్తి, అరచేత్తో నున్నగా తుడిచాడు. మట్టి బిగిశాక నాలుగు పుల్లలు వెలిగించి పరీక్షిస్తే ఎక్కడా ఒక్క పాయ కూడా రాలేదు. అప్పుడు తృప్తిగా 'తక్కువ' గడిలో టిక్కు పెట్టి, రిమార్కుల దగ్గర 'మూసితిమి' అని రాసి సంతకం చేశాడు.

వారంలో కావలసిన పనికి నెలన్నర పట్టింది. అరవై రెండు పొయ్యిలు మరి! సైకిలు హ్యాండిలుకి మట్టి బకెట్టు, వెనక క్యారేజీకి ఊక సంచీ, జేబులో ఫారాలు. వడలావిడ ఆయన్ని గవర్నమెంటు పంపించిన మేస్త్రీ అనుకుని, పనిలో పనిగా పెరటి గోడ కూడా మెత్తిపొమ్మంది. జిలేబీ ఆవిడ ప్లేటుడు జిలేబీలు పెట్టింది. అందరికీ బాబాయి అయిపోయాడు. రిటైరైన తర్వాత అంత సంతోషంగా ఆయన్ని ఎవరూ చూడలేదు. అరవై రెండింట యాభై ఎనిమిది 'తక్కువ', నాలుగు 'మధ్యస్థం'. ఆ నాలుగూ పొయ్యి కూలడానికి సిద్ధంగా ఉన్నవి, మట్టి నిలవలేదు.

ఫారాలు అందుకున్న ఛాయ గళ్ళు చూసుకుంటూ, "ఇంత తక్కువా అంకుల్?" అని ఆశ్చర్యపోయింది. కింద రిమార్కు చూసి ఏదో సంతకంలో భాగం అనుకుంది. అప్పలకొండ ఆ ఆశ్చర్యాన్ని మెప్పు అనుకున్నాడు. సత్యప్రసాద్ అగ్గికి ఆజ్యం పోశాడు. "ఇలాకా మొత్తం మీద నీ వీధే ఫస్టట కొండన్నా! ఇంక వంటశాల మనకి రాక ఎవరికొస్తుంది?"

జాబితా చదివి వినిపించే రోజు వచ్చింది. మళ్ళీ అదే హాలు. అప్పలకొండ రిటైరైన రోజు కుట్టించుకున్న సఫారీ సూటు వేసుకున్నాడు. శాలువా కప్పితే ఎలా ఉంటుందోనని ఆలోచించాడు కూడా. కన్నమ్మ పక్కన కూచుంది, కొత్త చీర. వీధి ఆడవాళ్ళంతా వెనక వరసలో ఉన్నారు. పెద్ద ఆఫీసరు మూడు పేర్లు చదివాడు. మూడూ వేరే బస్తీలు. స్టేషను వీధి పేరు లేదు.

అప్పలకొండకి ఏమీ అర్థం కాలేదు. నాలుగో పేరు ఉందేమోనని చూశాడు. ఆఫీసరు కాగితం మడుస్తున్నాడు.

"సార్, మాదే కదా అందరికన్నా తక్కువ?" అని లేచాడు హిందీలో.

"అవును. చాలా బాగుంది. అభినందనలు."

"మరి మా పేరేది?"

"పొగే లేని చోట వంటశాల ఎందుకు?" అన్నాడు ఆఫీసరు, మర్యాదగానే.

సరిగ్గా అప్పుడు కన్నమ్మకి దగ్గు వచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని అలా దగ్గుతూనే ఉంది. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. అప్పలకొండ సఫారీ సూటులో నిలబడి ఉన్నాడు, కూచోవాలో నిలబడాలో తెలియలేదు.

వీధిలోకి వచ్చాక ఇంక చూడాలి. వడలావిడ ఇంటి ముందుకొచ్చి నిలదీసింది. "నువ్వు మెత్తిన మట్టి పది రోజులకే ఊడి నూనిలో పడింది బాబాయ్! పొగ మాకు, మంచి పేరు నీకూనా?" సత్యప్రసాద్ తనకేమీ తెలియనట్టు, "వినాయకుణ్ణి చెయ్యబోతే కోతయింది కొండన్నా" అని నిట్టూర్చి స్కూటర్ స్టార్టు చేసుకున్నాడు. ఫస్టు అని ఊదరకొట్టినవాడు తనే అన్న మాట ఆయనకి గుర్తున్నట్టు లేదు.

అప్పలకొండ తల పట్టుకుని అరుగు మీద కూచున్నాడు. ముప్పై నాలుగేళ్ళు పొగ తక్కువైతే శభాష్ అన్నారు. ఇప్పుడు పొగ తక్కువైతే పొమ్మన్నారు. ప్రపంచం ఎక్కడ తిరగబడిందో ఆయనకి అంతుపట్టలేదు. తప్పు చేశాడా? ఎవరికైనా అపకారం చేశాడా? పొగేగా మూశాడు!

కన్నమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పక్కన కూచుని నెమ్మదిగా అడిగింది.

"మావా, నాను రోజూ దగ్గుతన్నాను గదా. కాయితం మీద తక్కువని ఎలాగ రాసీసినావు?"

"మూసీసినాకే రాసినానే."

"మూసింది గొట్టం. పొయ్యి నోరు మూసినావేటి? బొగ్గెయ్యడానికి తెరిస్తే పొగంతా ఎక్కడికెల్తాది?" మధ్యలో దగ్గింది. "నానొండతన్నప్పుడు ఒక్కనాడైనా వొచ్చి సూసినావా?"

ప్లాంటు తలుపులన్నీ నంబర్లతో సహా గుర్తున్న మనిషికి, తన పెరట్లో పొయ్యి మండితే ఎలా ఉంటుందో తెలియదు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

మర్నాడు టీ కొట్టుకి పోలేదు. ఇంట్లో పొగ ఇంకా ఉందని చెప్పడానికి తిన్నగా ప్రణాళిక ఆఫీసుకి పోయాడు. ఛాయ తన బల్ల మీద ఆయన ఫారాలు పరిచి, అన్నింటి మీదా ఉన్న ఆ ఒక్క మాట మీద వేలు పెట్టింది.

"అంకుల్, ప్రతి దాంట్లో ఇది ఉంది. యే క్యా హై?"

"మూసితిమి అమ్మా. బంద్ కర్ దియా."

"ఏం బంద్ చేశారు?"

"పొగ."

ఛాయ ఫారాల మీంచి తలెత్తింది. "అంటే మీరు ముందు రిపేరు చేసి, తర్వాత కొలిచారా? అరవై రెండూ?"

"మరి ఎలాగమ్మా? మూయకండా ఎవుడైనా రాస్తాడేటి?"

ఆ అమ్మాయి రెండు చేతులతో తల పట్టుకుంది. ఏడుస్తోందేమోనని అప్పలకొండ కంగారుపడ్డాడు, కాని నవ్వుతోంది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఓపిగ్గా చెప్పింది. మాకు కావలసింది మీరు రాకముందు ఉన్న పొగ అంకుల్. దాన్ని చూపిస్తేనే తగ్గించడానికి ఇస్తారు. 'మూసితిమి' అన్న ఈ ఒక్క మాట వల్ల మళ్ళీ కొలిపించడానికి వీలుంది, అభ్యంతరాలకి ఇంకా వారం గడువుంది. కాని మీ మొదటి సర్వే తప్పని మీరే రాసివ్వాలి. మీ ఫారాలన్నీ మీ చేత్తోనే కొట్టేయాలి.

"కొట్టీయాలా?" అన్నాడు అప్పలకొండ.

"ఒక్కొక్కటీ."

అరవై రెండు అడ్డగీతలు గీయడానికి ఆయనకి గంటన్నర పట్టింది. మధ్యలో రెండుసార్లు మంచినీళ్ళు అడిగాడు. ఆఖరి ఫారం తన ఇంటిది.

ఛాయ ఒక మెషీను పట్టుకుని వీధిలోకి వచ్చింది. టిఫిను డబ్బా అంత ఉంటుంది, పొయ్యికి రెండు గజాల దూరంలో పెడితే గాలిలో పొగ ఎంతుందో చెబుతుంది. రోజూ ఎలా వండుతారో అలాగే వండాలి, గంటసేపు. చాలా ఇళ్ళలో మట్టి దానంతటదే ఊడిపోయింది కాబట్టి ఇబ్బంది లేదు. "ముందు బాబాయి ఇంట్లోనే పెట్టండి" అని వడలావిడ పట్టుబట్టింది. అది న్యాయమేనని అందరూ అన్నారు. చిక్కేమిటంటే, వీధి మొత్తం మీద అప్పలకొండ ఇంట్లో మట్టే చెక్కుచెదరలేదు. అంత శ్రద్ధగా మెత్తాడు.

"మీరు రిపేరు చెయ్యకముందు ఎలా ఉండేదో అలా కావాలి అంకుల్" అంది ఛాయ.

ఆయన ఇనప చువ్వ తీసుకుని పొయ్యి ముందు నిలబడ్డాడు. చెయ్యి లేవలేదు. మూయడం తప్ప తెరవడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. కన్నమ్మ కాసేపు చూసింది.

"ఇలాగియ్యి మావా" అని చువ్వ లాక్కుని నాలుగు పోట్లు పొడిచింది. నెలలనాటి మట్టి పెళ్ళలుగా రాలి కింద పడింది.

బొగ్గు రాజుకుంది. మెషీను మీద ఎర్రదీపం వెలిగింది. అప్పలకొండ బయటికి పోబోయాడు, అలవాటు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కొచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

ముందు గొట్టం మొదట్లోంచి సన్నగా మొదలైంది. తర్వాత ఇటుకల మధ్య నుంచి. కన్నమ్మ బొగ్గు వెయ్యడానికి పొయ్యి నోరు తెరవగానే నల్లగా, దట్టంగా ఒక్కసారి మొహం మీదికి లేచింది. ఆవిడ కళ్ళు మూసుకుని, తల పక్కకి తిప్పి, చేత్తో తడుముకుంటూ బొగ్గు వేసింది. ఆ తిప్పడంలో ఏళ్ళ అలవాటు ఉంది. పళ్ళెం దింపింది, దగ్గింది. పళ్ళెం ఎక్కించింది, దగ్గింది. అప్పలకొండకి తెలియకుండానే బకెట్టులోంచి ఒక ముద్ద మట్టి చేతిలోకి వచ్చింది. కాలు ముందుకు కదిలింది.

"అంకుల్!" అంది ఛాయ. "ముట్టుకోవద్దు. గంట అవ్వాలి."

మట్టి ముద్ద పిడికిట్లో పట్టుకుని ఆయన గంటసేపు అలాగే నిలబడ్డాడు. ఆవిడ ఎన్నిసార్లు దగ్గిందో లెక్కపెట్టాడు. తలుపులు లెక్కపెట్టినట్టే, తప్పిపోకుండా. డెబ్బై మూడు. ఆయన టీ కొట్టు దగ్గర కూచున్న ప్రతి పొద్దునా ఇక్కడ ఇంతా జరిగిందన్నమాట.

మెషీను కూతపెట్టింది. ఛాయ కొత్త ఫారం ఇచ్చింది. 'ఎక్కువ' గడిలో టిక్కు పెట్టాడు. రిమార్కుల గీత దగ్గరికి వచ్చేసరికి పెన్ను దానంతటది 'మూ' అని రాసేసింది. దాన్ని కొట్టేశాడు. పక్కన రాశాడు: 'తెరిచి ఉన్నది. మూయలేదు. ఇన్నాళ్ళూ చూడలేదు.'

"ఏం రాశారు అంకుల్?"

"పొగ అని రాసినానమ్మా" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. పొగకి అందరి కళ్ళూ కారుతున్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

నమూనాకి ఇంక నాలుగిళ్ళలో కొలవాలి, తర్వాత పెద్దాఫీసరు చూడాలి, ప్లాన్‌లో పేరెక్కినా అది పైకి పోవాలి, కట్టడానికి మళ్ళీ వేరే గ్రాంటు అడగాలి. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు అని ఛాయ చెప్పుకుపోతోంది. అప్పలకొండకి సగం అర్థమైంది, సగం కాలేదు. రెండేళ్ళు అన్నది మాత్రం అర్థమైంది. డాక్టరు చెప్పిన రెండేళ్ళు కూడా గుర్తుంది.

ఛాయ వెళ్ళాక చెయ్యి విప్పి చూసుకుంటే ముద్ద ఎండి బీటలు వారింది. దాన్ని పారేసి కొత్త మట్టి తడిపాడు. గొట్టం మెత్తాడు, ఇటుకలు మెత్తాడు. చేతులు కడుక్కుని కన్నమ్మ దగ్గరికి వచ్చి చువ్వ అడిగాడు.

"ఏటికి?"

"రేపట్నించి పొయ్యి కాడ నానుంటాను. నువ్వు బయట గట్టు మీద కూకోని పిండి పోసి పళ్ళేలందియ్యి. ఆ వొంటసాల వొచ్చినప్పుడే వొస్తాది."

"ఓలమ్మో, నీకేటి తెలుసు ఇడ్డెన్ల గురించి?"

"ఇడ్డెన్లు తెల్దు. పొగ తెలుసు. ఇలాగియ్యి."

ఆవిడ కాసేపు ఆయన సగం కనుబొమల వైపు చూసి, చువ్వ ఇచ్చింది.

మర్నాడు స్టేషన్ బయట ఇడ్లీ తిన్నవాళ్ళు సగం ఉడకలేదని గొడవపెట్టారు. కన్నమ్మ వాళ్ళందరికీ నిలబడి జవాబు చెప్పింది. మధ్యలో ఒక్కసారే దగ్గింది.